9.9 హెచ్‌పీ అవుట్‌బోర్డుకు ఏ ప్రొపెల్లర్? లోడుతో ఆర్‌పీఎమ్ చూశాకే కొనండి

నమస్తే అండి. మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ: భైరవపాలెం వైపు 24 అడుగుల ఫైబర్ బోటు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డు మోటార్ (బోటు వెనక చెక్కకు బయట బిగించేది). ప్రొపెల్లర్ మీద 9¼ × 10½ అని ఉంది. ఇద్దరు వెళితే ఫోన్ జీపీఎస్‌లో 19 కిలోమీటర్ల వేగం చూపిస్తోంది. వలలు, ఐసు, ఐదుగురు మనుషులు ఎక్కితే మాత్రం 12 దాటడం లేదు, మోటార్ మూలుగుతోంది. షాపులో "పెద్ద ఫ్యాన్ వేయించండి, స్పీడ్ వస్తుంది" అన్నారు (ఫ్యాన్ అంటే ప్రొపెల్లరే). పక్క బోటు ఆయన "నాలుగు రెక్కలది వెయ్యి" అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. ఇద్దరి మాటా వద్దు. మీ బోటుకు పిచ్ (ప్రొపెల్లర్ మీది రెండో అంకె, దాని అర్థం కింద చెబుతాను) తగ్గాలి, పెరగకూడదు. మూడు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లరే ఉంచి, వ్యాసం అదే 9¼ పెట్టి, పిచ్ 10½ నుంచి 9కి గానీ 8కి గానీ దిగండి. ఆ రెండింటిలో ఏది అన్నది మాత్రం ఊహించి చెప్పేది కాదు, మీటర్ పెట్టి చూడాలి. కొనే ముందు ఫుల్ లోడుతో, ఫుల్ థ్రాటిల్‌లో (యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి) మోటార్ ఎన్ని ఆర్‌పీఎమ్, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు, తిరుగుతోందో కొలవండి. ఆ ఒక్క అంకె తెలియకుండా ప్రొపెల్లర్ కొన్నవాళ్లలో చాలామంది మళ్లీ ఇంకొకటి కొన్నారు.

కాకినాడ చుట్టుపక్కల చాలాకాలంగా ఈ మోటార్ల రిపేరే నా పని. వేటకెళ్లే ఫైబర్ బోట్లు, కోరంగి మడ అడవుల్లో తిప్పే బోట్లు, వరదల్లో వాడే రబ్బరు బోట్లు అన్నీ వస్తుంటాయి. అక్కడ చూసినవే చెబుతున్నాను.

ముందు ఆ అంకెల సంగతి. ప్రొపెల్లర్ మీద రెండు అంకెలు ఉంటే మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లోనే. పిచ్ అంటే, నీళ్లలో ఏమాత్రం జారకుండా తిరిగితే ఒక్క చుట్టుకు ఎంత ముందుకు పోవాలో ఆ దూరం. మీది 10½ కాబట్టి లెక్కప్రకారం చుట్టుకు పదిన్నర అంగుళాలు. నిజంగా అంత పోదు, నీళ్లు జారతాయి కదా. పిచ్ ఎక్కువైతే ఒక్కో చుట్టుకు మోటార్ ఎక్కువ నీటిని నెట్టాలి, కాబట్టి నెమ్మదిగా తిరుగుతుంది. పిచ్ తగ్గితే తేలిగ్గా, వేగంగా తిరుగుతుంది. ఘాట్ రోడ్డు మీద ముగ్గురిని ఎక్కించుకున్న బైకు టాప్ గేర్‌లో ఎలా వణుకుతుందో, ఇప్పుడు లోడుతో మీ మోటార్ పరిస్థితి అదే. పెద్ద ఫ్యాన్ అని ఎక్కువ పిచ్ వెయ్యమంటే, దానికి ఇంకా పెద్ద గేరు వెయ్యమన్నట్టే.

వాళ్ల మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. తేలికపాటి బోటు, లోపల ఒక్కరే, మోటార్ అప్పటికే హద్దు దాటి తిరుగుతోందంటే అక్కడ పిచ్ పెంచితే వేగం వస్తుంది. మీ బోటు అలాంటిది కాదు. 9.9 హెచ్‌పీతో లోడెక్కిన 24 అడుగుల బోటు నీటి మీదికి లేచి జారే పరిస్థితి రాదు, నీళ్లు చీల్చుకుంటూనే పోతుంది. అలాంటి బోటుకు కావలసింది తోపు, అంటే ముందుకు నెట్టే బలం.

అసలు లక్ష్యం వేగం కాదు, ఆర్‌పీఎమ్. ప్రతి అవుట్‌బోర్డు పుస్తకంలోనూ ఫుల్ థ్రాటిల్‌లో మోటార్ ఏ హద్దుల మధ్య తిరగాలో రాసి ఉంటుంది. ఈ సైజు టూ స్ట్రోక్‌లలో చాలావాటికి 4500 నుంచి 5500. ఫోర్ స్ట్రోక్‌లకు సాధారణంగా 5000 నుంచి 6000. మీ మోటార్ పుస్తకంలో ఏముందో అదే ప్రమాణం, నేను రాసింది కాదు. సెకండ్ హ్యాండ్‌లో పుస్తకం రాకపోతే మోటార్ మీది మోడల్ నంబరు చూసి డీలర్‌ని అడగండి, చెబుతారు. మీరు మామూలుగా మోసే బరువుతో ఫుల్ థ్రాటిల్ ఇచ్చినప్పుడు మోటార్ ఆ హద్దుల లోపలికి రావాలి. ఖాళీ బోటుతో వెళ్లినప్పుడు పై హద్దు దాటకూడదు. ఈ రెండూ కుదిరిన ప్రొపెల్లరే మీ బోటుకు సరైనది. మిగతావన్నీ దాని తర్వాతే.

చేతితో పట్టుకుని నడిపే చిన్న మోటార్లకు మీటర్ ఉండదు కదా అంటారు. ప్లగ్ వైరు చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టేసే చిన్న డిజిటల్ టాకో మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ప్రొపెల్లర్ ఖరీదుతో పోలిస్తే అది చాలా తక్కువ. ఒక్క జాగ్రత్త: కొన్ని మోటార్లలో ఒక్కో చుట్టుకు ప్లగ్గు ఒకసారి మెరుస్తుంది, కొన్నింటిలో రెండుసార్లు. మీటర్‌లో ఆ సెట్టింగ్ తప్పితే అంకె సగమో, రెట్టింపో చూపిస్తుంది. కనిపెట్టడం తేలికే. మోటార్ వేడెక్కాక న్యూట్రల్‌లో ఐడిల్ మీద చూడండి, వెయ్యికి అటూ ఇటూ ఉండాలి. రెండు వేలు చూపిస్తే మోటార్‌కి ఏమీ కాలేదు, మీటర్ సెట్టింగ్ మార్చండి.

కొలిచేటప్పుడు నిజంగా వేటకు వెళ్లే లోడు పెట్టండి. ఐదుగురు మనుషులు, తడిసిన వలలు (ఎండిన వలకీ తడిసిన వలకీ బరువులో చాలా తేడా), ఐసు పెట్టెలు, నిండా పెట్రోలు. మొగలో (నది సముద్రంలో కలిసే చోట) కొలవకండి, అక్కడ పోటు పాటులకు, అలలకు ఏ అంకే నిలబడదు. గోదావరి పాయలో నీళ్లు నిమ్మళంగా ఉన్నచోట ప్రవాహానికి ఎదురుగా ఒకసారి, వాలులో ఒకసారి పోయి, రెండు వేగాల సగటు తీసుకోండి. ఆర్‌పీఎమ్ రెండు వైపులా దాదాపు ఒకేలా వస్తుంది, వేగం మాత్రం మారుతుంది. చాలామంది వాలులో ఒక్కసారి కొలిచి "కొత్త ఫ్యాన్‌తో రెండు కిలోమీటర్లు పెరిగింది" అని సంబరపడిపోతారు.

ఇక ఆ అంకెతో ఏం చేయాలి? పిచ్ ఒక అంగుళం మారితే ఆర్‌పీఎమ్ సుమారు 150 నుంచి 200 మారుతుంది. ఇది మెకానిక్‌లందరూ వాడే మోటు లెక్క. బోటును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, కానీ ఎంపికకు సరిపోతుంది. పై హద్దు 5500, కింది హద్దు 4500 అనుకుని మీ మోటార్‌కు చెబుతున్నాను. ఫుల్ లోడుతో 4200 లోపు వస్తే 8 పిచ్ తీసుకోండి. 4200 నుంచి 4600 మధ్యలో ఉంటే 9 చాలు. 4600 పైన ఉంటే 9¾ కూడా సరిపోవచ్చు. 4800 దాటిందంటే ప్రొపెల్లర్ జోలికి వెళ్లకండి, మీ సమస్య వేరేచోట ఉంది, దాని గురించి కింద చెబుతాను. మీరు రాసిన లక్షణాలను బట్టి మీది 4000–4200 మధ్యలో ఉంటుందని నా అంచనా. అంచనా మీద డబ్బులు పెట్టొద్దనే కదా ఇంత చెబుతున్నది, కాబట్టి కొలవండి.

పిచ్ తగ్గిస్తే వేగం తగ్గదా అని అనుమానం రావడం సహజం. మీ అంకెలతోనే చూద్దాం. లెక్క ఇది: ఆర్‌పీఎమ్‌ను గేర్ నిష్పత్తితో భాగించి, పిచ్‌తో గుణించి, 0.001524తో మళ్లీ గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. గేర్ నిష్పత్తి అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరగడానికి మోటార్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ అంకె, ఈ సైజు మోటార్లలో చాలావాటికి 2.08. లోడుతో మీది 4100 తిరుగుతోంది అనుకుంటే, 10½ పిచ్‌తో కాగితం మీద 31 కిలోమీటర్ల పైన రావాలి. మీకు వస్తున్నది 12. అంటే అరవై శాతం పైగా జారుడుకే పోతోంది. అదే 8 పిచ్ వేసి మోటార్ 4600కు ఎక్కితే కాగితం మీద 27 కిలోమీటర్లే. కానీ మోటార్ ఇప్పుడు తన పూర్తి బలం ఇచ్చే చోటికి వచ్చింది, జారుడు యాభై శాతం దగ్గరికి తగ్గినా బోటు 13, 13½ మీద పోతుంది. కాగితం మీద తగ్గిన వేగం నీళ్లలో పెరిగింది చూడండి. బరువైన వేట బోట్లకు సగం దాకా జారుడు ఉండటం పెద్ద వింత కాదు. తేలిగ్గా నీటి మీద జారిపోయే స్పీడు బోట్లకు అయితే 10, 15 శాతం ఉంటుంది. యూట్యూబ్‌లో విదేశీ బోట్ల వీడియోలు చూసి "నాకు నలభై ఎందుకు జారుతోంది" అని టెన్షన్ పడి ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు. ఆ బోట్లు వేరు, మన బోట్లు వేరు.

వేగం సంగతి పక్కన పెట్టినా, మోటార్ ఆయుష్షు కోసమైనా ఇది మార్చాలి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉండి, మోటార్ మాత్రం 4000 దగ్గర ఈడుస్తూ ఉంటే లోపల వేడి పెరిగిపోతుంది. ఇంధనం సరిగ్గా కాలక కార్బన్ పేరుకుంటుంది, రింగులు పట్టేస్తాయి, టక టక శబ్దం మొదలవుతుంది, చివరికి పిస్టన్ పోతుంది. పెట్రోల్లో కిరోసిన్ కలిపే అలవాటు ఉన్నచోట ఇది ఇంకా త్వరగా జరుగుతుంది, ఎందుకంటే కిరోసిన్‌కి ఆ శబ్దాన్ని ఆపే గుణం బాగా తక్కువ. పిస్టన్ పోయి నా దగ్గరికి వచ్చిన చిన్న టూ స్ట్రోక్‌లలో ఆయిల్ తక్కువ కలపడం మొదటి కారణం అయితే, పిచ్ ఎక్కువైన ప్రొపెల్లర్‌తో ఫుల్ లోడు లాగడం రెండోది. యజమానికి మాత్రం "మోటార్ నాసిరకం" అనిపిస్తుంది.

రెండో వైపు కూడా ప్రమాదమే. పిచ్ మరీ తగ్గించేస్తే ఖాళీ బోటుతో మోటార్ 5500 దాటి పరుగెడుతుంది. కొత్త ఫోర్ స్ట్రోక్‌లలో హద్దు దాటగానే ఆపే ఏర్పాటు ఉంటుంది, పాత చిన్న టూ స్ట్రోక్‌లలో చాలావాటికి ఉండదు. అందుకే కొత్త ప్రొపెల్లర్ వేశాక ఖాళీగా కూడా ఒకసారి చూడమంటాను. మీకు 8 వేసినా ఖాళీగా 5200 దాటకపోవచ్చు, భయం లేదు. మీరు ఎక్కువగా ఇద్దరే వెళుతూ, ఎప్పుడో ఒకసారి ఐదుగురు వెళతారంటే మాత్రం నా సలహా మారుతుంది. అప్పుడు 9 వేసుకుని, లోడు రోజుల్లో థ్రాటిల్ ముప్పావు దగ్గరే ఉంచి నిదానంగా పోండి. 8 పిచ్‌తో ఖాళీగా తిరిగితే అదే వేగానికి మోటార్ ఎక్కువ చుట్లు తిరగాలి, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది, శబ్దమూ ఎక్కువే.

నాలుగు రెక్కల గురించి. దాన్ని చులకన చేయను, దానికీ చోటు ఉంది. నాలుగో రెక్క నీటిని బాగా పట్టుకుంటుంది, వణుకు తక్కువ, అలల్లో వెనక భాగం లేచినప్పుడు పట్టు త్వరగా వదలదు, మలుపుల్లో బాగుంటుంది. కానీ అదే పిచ్‌లో నాలుగో రెక్క వేస్తే మోటార్ మీద భారం ఇంకా పెరిగి ఆర్‌పీఎమ్ పడిపోతుంది. ఇప్పటికే ఈడుస్తున్న మోటార్‌కి అది వద్దు. నాలుగు రెక్కలే కావాలంటే పిచ్ ఇంకో అంగుళం తగ్గించి తీసుకోవాలి, ఈ చిన్న సైజులో అవి దొరకడమే కష్టం. పెద్ద మోటార్లు, 40 హెచ్‌పీ ఆ పైన, జనాన్ని ఎక్కించుకుని తిప్పే బోట్లకు బాగా పనికొస్తాయి.

"పెద్ద ఫ్యాన్" అంటే పెద్ద వ్యాసం అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. పొడుగు షాఫ్టు డీజిల్ ఇంజన్లు నడిపి, ఆ తర్వాత అవుట్‌బోర్డుకు మారినవాళ్లకు ఈ ఆలోచన ఎక్కువ. ఆ ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, దానికి పెద్ద రెక్కలు నప్పుతాయి. అవుట్‌బోర్డులో రెక్క పైనున్న ప్లేటుకీ, రెక్క చివరకీ మధ్య ఉన్న ఖాళీయే హద్దు. మీ 9¼ దానికి సరిపడా పెట్టిందే. నిజంగా బరువు లాగడానికే చేసిన 9.9 మోటార్లు కొన్ని ఉన్నాయి, వాటిని హై థ్రస్ట్ అంటారు. వాటిలో గేర్ నిష్పత్తి దాదాపు 2.9 దాకా ఉంటుంది, దాన్ని బట్టే ప్రొపెల్లర్ కూడా పెద్దది. ఆ ప్రొపెల్లర్ తెచ్చి మీ మోటార్‌కి ఎక్కిద్దాం అంటే ఎక్కదు. ఇంకోసారి మోటార్ కొనేటప్పుడు ఆలోచించండి.

స్టీలు ప్రొపెల్లర్ గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు, కాబట్టి ముందే చెప్పేస్తున్నా. మీకు స్టీలు వద్దు. రెక్క సన్నగా, గట్టిగా ఉండి వంగదు, పెద్ద మోటార్లలో దాని లాభం తెలుస్తుంది. 9.9లో ఆ తేడా మీకు కనిపించదు, ఖరీదు మాత్రం చాలా రెట్లు. పైగా మన గోదావరి పాయల్లో నీటి కింద ఏముంటుందో తెలియదు, పాత గుంజలు, వలకట్టు కర్రలు, వరదకు కొట్టుకొచ్చిన మొద్దులు. అల్యూమినియం రెక్క తగిలితే వంగుతుంది, విరుగుతుంది, దాంతో దెబ్బ అక్కడే ఆగిపోతుంది. స్టీలు వంగదు, దెబ్బ గేర్ల దాకా పోతుంది. మడ అడవుల్లో తిరిగే ఒక 25 హెచ్‌పీ మోటార్‌కి ఎవరి మాటో విని స్టీలు వేశారు. ఒక మొద్దు తగిలింది. ప్రొపెల్లర్ మీద చిన్న గీత, లోపల గేర్ పళ్లు మాత్రం రాలిపోయాయి. ప్రొపెల్లర్ చూసి యజమాని ఏమీ కాలేదనుకున్నాడు, రివర్స్ పడకపోతే అప్పుడు తెచ్చాడు. గేర్ కేసు విప్పిన ఖర్చులో అల్యూమినియం ప్రొపెల్లర్లు బోలెడు వచ్చేవి.

ఇప్పుడు అసలు ముఖ్యమైన సంగతి. నా దగ్గరికి "ప్రొపెల్లర్ మార్చాలి" అని వచ్చేవాళ్లలో కొంతమందికి మార్చాల్సిన అవసరమే ఉండదు. మీరు కొనే ముందు ఇవి చూసుకోండి, ముఖ్యంగా మీది సెకండ్ హ్యాండ్ కాబట్టి.

మొదటిది బోటు అడుగు. నీళ్లలోనే కట్టి ఉంచే బోటుకు కొన్నాళ్లకే నత్తలు, పాచి పట్టేస్తాయి. గరుకైన అడుగుతో ఏ ప్రొపెల్లర్ వేసినా లోడు ఎక్కువ చూపిస్తుంది. ముందు ఒడ్డుకు లాగి గీకి కడిగి, ఆ తర్వాత కొలవండి. పాత ఫైబర్ బోట్లలో పగుళ్ల గుండా లోపలి చెక్కలోకి, ఫోమ్‌లోకి నీరు దిగి ఉంటే బోటు బరువే పెరిగిపోతుంది. ఎండలో ఆరినా ఆ నీరు పోదు. ఒడ్డుకు లాగేటప్పుడు మునుపటి కంటే ఎక్కువమంది పట్టాల్సి వస్తోందంటే అనుమానించండి.

రెండోది రబ్బరు బుష్. ప్రొపెల్లర్ మధ్యలో షాఫ్టుకీ రెక్కలకీ మధ్య ఒక రబ్బరు ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడు జారి గేర్లను కాపాడటానికి. (కొన్ని మరీ చిన్న మోటార్లలో దీని పని విరిగిపోయే పిన్ను చేస్తుంది.) పాతబడితే ఆ రబ్బరు మామూలు లోడుకే జారడం మొదలవుతుంది. లక్షణం ఏమిటంటే నెమ్మదిగా పోతే బాగానే పోతుంది, థ్రాటిల్ పెంచేసరికి మోటార్ ఒక్కసారిగా అరుస్తుంది, బోటు మాత్రం వేగం పెరగదు. పరీక్ష సులువు: లోపలి ఇత్తడి బుష్ నుంచి బయటి ప్రొపెల్లర్ దాకా మార్కర్‌తో గానీ పెయింట్‌తో గానీ ఒక నిలువు గీత గీయండి. కాసేపు లోడుతో నడిపి వచ్చి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందంటే బుష్ పోయింది. ఉప్పాడ వైపు ఒకాయన ఇలా బుష్ జారుతున్న ప్రొపెల్లర్‌ను పెట్టుకుని, మోటార్ పిస్టన్ సెట్ మార్పించి, కార్బురేటర్ మార్పించి, ఆఖరికి వచ్చాడు. మీది ఈడుస్తోంది కాబట్టి బుష్ కాకపోవచ్చు, బుష్ పోతే మోటార్ తేలికై అరుస్తుంది. అయినా గీత గీయడానికి ఏం పోయింది.

మూడోది మోటార్ ఎత్తు. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఒక ప్లేటు ఉంటుంది కదా, అది బోటు అడుగుతో సమానంగా గానీ, ఒక అంగుళం కిందకి గానీ ఉండాలి. షాఫ్టులు 15, 20, 25 అంగుళాల వెనక చెక్కలకు తగినట్టు వస్తాయి. మన దగ్గర వెనక చెక్క ఎవరికి తోచిన ఎత్తులో వాళ్లు వేయించుకుంటారు, ఆ తర్వాత దొరికిన మోటార్ పెట్టేస్తారు. ప్లేటు మరీ పైకి ఉంటే ప్రొపెల్లర్ పైనుంచి గాలిని లాగేసుకుంటుంది, మలుపులో, అల మీద మోటార్ ఒక్కసారిగా అరుస్తుంది. మరీ కిందకి ఉంటే నీళ్లలో అనవసరపు ఈడ్పు, వెనక నుంచి నీళ్లు ఎగజిమ్ముతాయి. మొగ దాటే బోట్లకు నేను అడుగు కంటే అంగుళం కిందకే పెట్టమంటాను, ఎందుకంటే అల మీద వెనక భాగం లేస్తుంది, అక్కడ పట్టు పోతే బోటు అడ్డం తిరుగుతుంది. ఏ ప్రొపెల్లర్ వేసినా అల మీద వెనక లేవగానే థ్రాటిల్ తగ్గించే అలవాటు చేసుకోండి.

వీటితో పాటు మోటార్ వంపు కూడా. పిన్ను తప్పు రంధ్రంలో ఉంటే ముందు భాగం నీళ్లలోకి పొడుచుకునో, గాల్లోకి లేచో పోతుంది. లోడుతో ఫుల్ థ్రాటిల్‌లో ప్లేటు నీటికి సమాంతరంగా ఉండేలా చూడండి. మనుషులందరూ వెనకే కూర్చుంటే ఏ పిన్నూ కాపాడదు, ఐసు పెట్టెలు ముందుకు జరపండి.

ఇక ఇప్పుడున్న ప్రొపెల్లర్‌ని కూడా ఒకసారి పట్టుకుని చూడండి. ఇసుక తిన్న రెక్కల అంచులు అరిగి ఉంటాయి, ఒక్కోసారి గుడ్డిగా సుత్తితో సరిచేసి ఉంటారు. అలాంటి దాని మీద 10½ అని ఉన్నా అది 10½ కాదు. మూడు రెక్కలూ ఒకే వంపులో ఉన్నాయో లేదో తెలుసుకోవాలంటే బల్ల మీద వెనక వైపు కిందకి వచ్చేలా పెట్టి, ఒక్కో రెక్క అంచు బల్లకు ఎంత ఎత్తులో ఉందో స్కేలుతో కొలవండి. తేడా కంటికి కనిపించేంత ఉంటే, నడిపేటప్పుడు హ్యాండిల్‌లో వణుకు ఉంటుంది, ఆ వణుకు సీళ్లను, బేరింగులను తింటుంది.

కొనేటప్పుడు వ్యాసం, పిచ్ రెండూ కలిస్తే సరిపోదు. షాఫ్టు పళ్ల సంఖ్య, మందం కలవాలి. కొన్ని కంపెనీల ప్రొపెల్లర్ల మీద పిచ్ తర్వాత ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, అది ఏ గేర్ కేసుకు సరిపోతుందో చెప్పే గుర్తు, అదీ కలవాలి. పాతది చేత్తో పట్టుకెళ్లి, పక్కన పెట్టి చూసి కొనడం మంచిది. ఆన్‌లైన్‌లో సగం ధరకు దొరికే నకళ్ల విషయంలో నా ఇబ్బంది రెక్కలతో కాదు, లోపలి బుష్‌తో. రబ్బరు సరిగ్గా అతికి ఉండదు, ఒక సీజన్ వేట కాకముందే జారుతుంది. కొన్నింటి మీద అచ్చు వేసిన పిచ్ ఒకటి, ఆర్‌పీఎమ్ మీటర్ చెప్పేది ఇంకొకటి. స్పేర్‌గా పడవలో ఉంచుకోవడానికి అయితే ఓకే, రోజూ వాడటానికి వద్దు.

బిగించేటప్పుడు షాఫ్టు శుభ్రంగా తుడిచి నీళ్లకు కరగని గ్రీజు పూయండి, లేకపోతే ఉప్పు పట్టి తర్వాత ఊడదు. ముందు వాషరు, వెనక వాషరు ఏ వరసలో వచ్చాయో విప్పేటప్పుడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ముందు పెద్ద వాషరు మర్చిపోతే ప్రొపెల్లర్ వెళ్లి గేర్ కేసును రాస్తుంది. స్ప్లిట్ పిన్ను కొత్తది వేయండి, పాతది వంచి మళ్లీ వేయకండి. ఈ పని చేసేటప్పుడు పొరపాటున స్టార్ట్ కాకుండా కిల్ స్విచ్ (మోటార్‌ను ఆపేసే స్విచ్) తాడు తీసేసి, ప్లగ్ వైర్లు లాగేయండి. ప్రొపెల్లర్ చేత్తో తిప్పితే మోటార్ అందుకున్న సందర్భాలు ఉన్నాయి.

ప్రొపెల్లర్ విప్పినప్పుడు వెనక షాఫ్టు చుట్టూ వల దారం ఏమైనా చుట్టుకుందేమో చూడండి. మోనో ఫిలమెంట్ దారం కంటికి కనపడదు, గోరుతో గీకితే తెలుస్తుంది. అది సీలును కోసేస్తుంది, గేర్ ఆయిల్లోకి నీరు పోతుంది. గేర్ ఆయిల్ తీసి చూస్తే పాలలా తెల్లగా ఉందంటే అదే సంగతి. వేట బోట్లలో నెలకోసారైనా విప్పి చూడటం మంచిది.

గుర్రపు డెక్క ఉన్న కాలవల్లో తిరిగేవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. రెక్కలు వెనక్కి వాలి ఉండే ప్రొపెల్లర్లు వస్తాయి, వాటి మీద నుంచి నాచు జారిపోతుంది. కొంచెం తోపు తగ్గినా రోజుకి పదిసార్లు ఆగి చేత్తో తీసే బాధ తప్పుతుంది. వరద సమయాల్లో లంక గ్రామాల్లో మనుషుల్ని ఎక్కించే రబ్బరు బోట్లకు ప్రొపెల్లర్ చుట్టూ కటకటాల్లాంటి గార్డు పెట్టడం చూశాను. నీళ్లలో మనుషులు ఉన్నచోట అది ఉండాల్సిందే, దానివల్ల వేగం, పట్టు రెండూ తగ్గుతాయని తెలిసే పెట్టుకోవాలి. గార్డు పెట్టాక మళ్లీ ఆర్‌పీఎమ్ చూసుకుని, అవసరమైతే పిచ్ ఇంకో అంగుళం దించాలి.

మీ 10½ పారేయకండి. అరగకుండా బాగుంటే గ్రీజు పూసి, స్పానరు, కొత్త స్ప్లిట్ పిన్నులు నాలుగు, ఒక నట్టుతో కలిపి సంచిలో వేసి బోటులోనే ఉంచండి. మొగ అవతల కొత్త ప్రొపెల్లర్ విరిగితే తిరిగి రావడానికి పనికొస్తుంది, థ్రాటిల్ సగంలో ఉంచి నిదానంగా రండి.

అడుగు గీకించాక ఫుల్ లోడుతో ఒకసారి, ఇద్దరితో ఒకసారి తీసిన ఆర్‌పీఎమ్, రెండు వైపుల వేగాలు, మోటార్ మోడల్ నంబరు, ప్లేటు బోటు అడుగుకి ఎంత పైనో కిందో ఉందో కనిపించేలా పక్కనుంచి తీసిన ఒక ఫొటో ఇక్కడే పెట్టండి. అవి చూస్తే 8 కావాలో 9 చాలో చెప్పగలను. అప్పటిదాకా లోడుతో వెళ్లినప్పుడు థ్రాటిల్ పూర్తిగా తెరవకండి.